అవ్వ కోసం పెద్ద తెర

కోరుట్ల బస్టాండు వెనక సందులో, టైలరు కొట్టుకూ పంక్చరు కొట్టుకూ నడుమ ఇరికించినట్టు ఒక దుకాణం ఉంది. బోర్డు మీద ‘జలపతి కంప్యూటర్స్’ అని రాసి ఉంటుంది గానీ, లోపలికి తొంగిచూసినవాళ్ళు పాత ఇనుప సామాన్ల కొట్టేమో అనుకుంటారు. బడులు పారేసినవి, జగిత్యాల ఆఫీసుల్లో మూలన పడి దుమ్ము తిన్నవి, ఇంట్లో అడ్డమని పిల్లలు గెంటేసినవి, అలాంటి కంప్యూటర్లన్నీ చివరికి అక్కడికే చేరతాయి. జలపతి వాటిని ఊడదీసి, తుడిచి, చచ్చిన రెండింటితో బతికిన ఒకదాన్ని చేసి, దానికి లైనక్స్ ఎక్కించి అమ్ముతాడు.

“విండోస్ లేదా అన్నా?” అని గిరాకీ మొహం చిట్లిస్తే అతనికి ఒళ్ళు మండుతుంది.

“ముసలెద్దుకు ఇటుకల బండి కడ్తవా? పడిపోతది. తేలిక బండి కట్టు, ఇంకా ఐదేండ్లు గుంజుతది. గిది తేలిక బండి,” అంటాడు. నచ్చితే కొనమంటాడు, నచ్చకపోతే దారి చూపిస్తాడు. అందుకే అతని దుకాణం ముందు ఎప్పుడూ జనం గుమిగూడరు. కానీ ఒకసారి వచ్చినవాడు ఇంకో దుకాణం గడప తొక్కడు.

జలపతికి నలభై ఏడేళ్ళు. పుట్టింది సిరిసిల్లలో. తండ్రి సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో కార్మికుడు. ఒకేసారి ఆరు సాంచాలు నడిపేవాడు. ఆ మోతకు చెవులు పోయి, ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. కొడుకు పదోతరగతి తప్పిన ఎండాకాలంలో కార్ఖానాకు తీసుకుపోయి, మగ్గం ముందు నిలబెట్టి ఒక్క మాట చెప్పాడు. “సాంచ ఆగితే ముందుగాల పోగు చూడు. మోటరు తర్వాత చూడు. తొందరపడి ఆగమైనోడే మోటరు ఇప్పుతడు.” జలపతి ఆ పనిలో నిలవలేదు గానీ ఆ మాట మాత్రం చెవిలో నిలిచింది. కనీసం నిలిచిందనే అతను అనుకునేవాడు.

ఊరందరూ పట్టిన దారే తనూ పట్టి షార్జా పోయాడు. ఒక పెద్ద ఆఫీసులో పన్నెండేళ్ళు నేల తుడిచాడు, చాయ్ అందించాడు. ఆ ఆఫీసులో కంప్యూటర్లు చూసే మలయాళీ ఒకతను పారేసే యంత్రాలను ఇతనికి ఇచ్చి, క్యాంపు గదిలో కూర్చోబెట్టి లైనక్స్ నేర్పించాడు. చదువు ఎగ్గొట్టినవాడికి ఆ చదువు మాత్రం అబ్బింది. తెలియనిది తెలిసేదాకా వదలని మొండితనం అతనిలో ఉంది, బడి దాన్ని ఎప్పుడూ కనిపెట్టలేదు.

అక్కడ ఉన్నప్పుడే సిరిసిల్లలో తండ్రి పోయాడు. సెలవు దొరకలేదు. పాడె లేపే ముందు బావమరిది ఫోన్ పట్టుకుని చూపించాడు. మొదట వాకిలి కనిపించింది, తర్వాత ఎవరివో మోచేతులు, ఆ తర్వాత తండ్రి పాదాలు. రెండు బొటనవేళ్ళనూ కలిపి కట్టిన దారం కూడా కనిపించింది. అంతే, బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఫోన్ ముఖం దగ్గరికి వచ్చేలోగా నెట్టు పోయింది, మళ్ళీ కలిసేలోగా పాడె లేచింది. జలపతి తండ్రి చివరి చూపు ఆ పాదాలే. మూడు నెలల తర్వాత ఆ ఉద్యోగాన్నీ ఆ దేశాన్నీ వదిలేసి వచ్చి, కోరుట్లలో ఈ దుకాణం పెట్టాడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పుకోడు, కానీ గల్ఫు ఇళ్ళ పని వస్తే మిగతా పనులన్నీ పక్కన పెడతాడు.

మొన్న ఎండాకాలం మొదట్లో మస్కట్ నుంచి ఒక ఫోన్ వచ్చింది. రాయికల్ దగ్గరి పల్లె మనిషి, హన్మంతు. మేస్త్రీ పని చేస్తాడు. లోగడ ఊరికి వచ్చినప్పుడు పిల్లల కోసం జలపతి దగ్గర ఒక కంప్యూటరు కొన్నాడు. ఆ పరిచయమే.

“అన్నా, మా అవ్వకు నేను కనిపిస్తలేను,” అన్నాడు హన్మంతు.

“నెట్టు సరిగ లేదా?”

“నెట్టు కాదన్నా. అవ్వ కండ్లు. ప్రతి శుక్రారం వీడియో కాల్ చేస్త. ‘కనిపిస్తున్ననా అవ్వా’ అంటే ‘ఎందుకు కనిపిస్తలేవు, మంచిగున్నవ్ కొడుకా’ అంటది. నాకెందుకో అనుమానమైంది. పోయిన శుక్రారం ఫోన్‌ను గోడ దిక్కు తిప్పిన. ఉత్త సున్నం గోడ. అవ్వ ఏమన్నదో ఎర్కేనా? ‘సన్నబడ్డవ్ కొడుకా, తింటలేవా’ అన్నది.”

జలపతి చేతిలోని పని బల్ల మీద పెట్టేశాడు. హన్మంతే మళ్ళీ అందుకున్నాడు.

“నాకు రంది ఎందుకని ఇన్నేండ్లు గట్ల చెప్పుకుంట అచ్చింది. జగిత్యాల కండ్ల డాక్టరుకు చూపిచ్చినం. షుగరు తినేసిందట, పెద్దగ, ఎలుగుగ, దగ్గరగ ఉంటేనే ఆనుతదట. ఫోన్ల ఏం కనిపిస్తది? ఒక పెద్ద తెర కావాలె అన్నా. నా మొకం చాటంత కనిపియ్యాలె. గీ గోడ ముచ్చట ఇంట్ల ఎవలకు చెప్పకు. అవ్వ సిగ్గుపడ్తది.”

జలపతి ఆ పనిని పనిగా పెట్టుకున్నాడు. మూతబడ్డ ఒక దుకాణం నుంచి ఇరవై నాలుగంగుళాల తెర సంపాదించాడు. దానికి జతగా, పాతదే అయినా గట్టి పెట్టె ఒకటి తయారు చేశాడు. చిక్కు ఎక్కడంటే, హన్మంతు ఇల్లు గుట్ట పక్కన పల్లంలో ఉంది. ఇంట్లో ఫోన్‌కు సిగ్నల్ రాదు, డాబా మీద వస్తుంది. శుక్రవారాల కాల్‌కు చేసినట్టే ఒక ఫోన్‌ను డాబా పిట్టగోడ మీద పెట్టి, దాని వైఫైని కింది గదిలోకి దింపుకోవాలి. పాత కంప్యూటరుకు వైఫై పట్టే శక్తి లేదు కాబట్టి, వేలి గోరంత డాంగిల్ ఒకటి దాని యూఎస్‌బీ మూతిలో గుచ్చాలి.

విండోస్‌లో అయితే గుచ్చితే చాలు. లైనక్స్‌లో ఆ రకం డాంగిల్‌కు డ్రైవరు వేరుగా తెచ్చి ఎక్కించాలి, అంటే ఆ యంత్రానికి ఆ వస్తువు భాష నేర్పాలి. ఆ డ్రైవరు నెట్టులో ఉంటుంది, నెట్టు రావాలంటే డ్రైవరు ఉండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. జలపతి దుకాణంలో ఫోన్‌ను తీగతో కలిపి, ఆ తీగ మీద నెట్టు తెచ్చి డ్రైవరు ఎక్కించాడు. డాంగిల్‌లో నీలి దీపం వెలిగింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అదే చేత్తో యంత్రం మొత్తాన్నీ అప్‌డేట్ చేశాడు. అది అయిపోయే సమయానికి కరెంటు పోయింది, బయట హన్మంతు తమ్ముడు జీవన్ ఆటో నిలబెట్టుకుని తొందరపెడుతున్నాడు. మళ్ళీ ఒకసారి పరీక్షించకుండానే జలపతి సామాను కట్టి ఇచ్చేశాడు. ఆ రోజు సోమవారం.

శుక్రవారం నాలుగింటికి మొదటి కాల్ అనుకున్నారు. హన్మంతు బుధవారం రాత్రి క్యాంపులో అన్నం తిని పడుకున్నాడు, గురువారం లేవలేదు. నలభై ఒకటో ఏట నిద్రలోనే గుండె ఆగిపోయింది. గది మనుషులు పనికి లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది.

కాగితాలు కదలడానికి ఇరవై రోజులు పట్టింది. గల్ఫు చావుల్లో ఏడుపు ఒక్కరోజుది కాదు, ఇన్‌స్టాల్‌మెంట్ల మీద ఏడవాలి. పోయాడని తెలిసిన రోజు ఒకసారి, సంతకం కావాలన్న రోజు ఒకసారి, విమానం ఖాయమైందన్న రోజు ఇంకోసారి. శవం రాలేదు కాబట్టి కర్మ మొదలు కాలేదు. కర్మ మొదలు కాలేదు కాబట్టి హన్మంతు భార్య సరిత నుదుట బొట్టు ఇంకా అలాగే ఉంది. ఆమె అద్దం వైపు చూడటం మానేసింది.

ఇరవయ్యో రోజు పొద్దున జీవన్ ఫోన్ చేశాడు.

“అన్నా, ఇయ్యాల మా అన్న పెట్టె మూస్తరట. మన టైము నాలుగింటికి. ఇన్ని రోజులైంది గదా, ఇంటికి అచ్చినంక పెట్టె తెరవొద్దని చెప్పిండ్రు. మూసే ముందు భూమన్న వీడియోల చూపిస్తనన్నడు. గా డాంగిల్ పని చేస్తలేదన్నా. అవ్వ ఒక్కటే అంటంది, పెద్ద తెర మీద చూడాలె అని. నువ్ రావాలె.”

భూమన్న అంటే మస్కట్‌లో హన్మంతు గదిలో ఉండే మనిషి, గంభీరావుపేట వాడు. జలపతి దుకాణం షట్టరు దింపి, సంచిలో తీగలు పడేసుకుని బండి తీశాడు. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన. అప్‌డేట్ చేసిన తర్వాత మళ్ళీ ఎందుకు పరీక్షించలేదు? డ్రైవరు ఎగిరిపోయి ఉంటుంది. తప్పు తనదే.

పన్నెండు దాటింది అతను చేరేసరికి. నడిమింట్లో మంచం మీద సమ్మవ్వ కూర్చుని ఉంది. తుంటి విరిగి ఏడాది నుంచి ఆ మంచమే ఆమె లోకం. ఒళ్ళో చాట ఉంది, చాటలో తునికాకు ముక్కలు, తంబాకు ఉన్నాయి. అయినా చేతులు కదలడం లేదు. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషికి చాట ఒళ్ళో లేకపోతే కూర్చోవడం తెలియదు.

“ఎవలు?” అంది.

“కోరుట్ల జలపతినవ్వా. కంప్యూటరు మనిషిని.”

“అచ్చినవా కొడుకా. దగ్గరికి రా.” చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుంది. “నేనడిగేది పెద్ద పని కాదు. దింపుడు కల్లం కాడ చెవుల పేరు పెట్టి పిలుస్తరు గదా, మూడుసార్లు. పానం ఏమన్న ఉంటే లేస్తడని. మా కులంల ఆడోల్లు అక్కడిదాక పోరు. పోయినా ఏం లాభం, పెట్టెకు చెవులెక్కడివి? ఇయ్యాల భూమన్న ఫోన్ వాని చెవుకాడ పెడ్తనన్నడు. నేను పిలుస్త. పిలిస్తే కదుల్తడో లేదో నా కండ్లతోటి చూడాలె. ఎవలో చెప్తే నేను ఇనను.”

జలపతి తన రెండో చెయ్యి ఆమె చేతి మీద పెట్టాడు. “చూస్తవవ్వా,” అన్నాడు. అలా మాట ఇచ్చేయడం అతని అలవాటు కాదు.

కంప్యూటరు తెరిచాడు. డాంగిల్ గుచ్చి ఉంది, దీపం లేదు. వైఫైల జాబితా ఖాళీగా ఉంది. అనుకున్నదే అయింది, డ్రైవరు పోయిందని తీర్మానించుకున్నాడు. మళ్ళీ ఎక్కించాలంటే నెట్టు కావాలి, నెట్టు డాబా మీద ఉంది.

“అవ్వనే మంచంతోటి డాబా మీదికి ఎక్కిద్దామా అన్నా?” అన్నాడు జీవన్.

డాబాకు మెట్లు లేవు, పెరట్లో ఇనుప నిచ్చెన ఉంది. మంచం ఎక్కదు. ఎక్కినా ఆ ఎండలో తెర మీద ఏమీ ఆనదు. అవ్వను ఎక్కించలేరు కాబట్టి కంప్యూటరు పెట్టెనే ఎక్కించారు. జీవన్ పైనుంచి పట్టుకోగా, జలపతి కింది నుంచి భుజంతో నెట్టాడు. తెర బరువైనది గనక దాన్ని కిందే ఉంచి, పిల్లల పాత చిన్న తెర తీసుకుపోయారు. దుప్పటి కప్పుకుని, దాని నీడలో ఫోన్‌ను తీగతో కలిపి జలపతి పని మొదలుపెట్టాడు. సిగ్నల్ చుక్క చుక్కగా వచ్చింది. డ్రైవరు దిగడానికే ముప్పావు గంట పట్టింది. దాన్ని కూర్చి ఎక్కించేసరికి ఇంకో అరగంట. ఒకసారి తప్పు చూపించింది, మళ్ళీ మొదటి నుంచి చేశాడు. చెమట కళ్ళలోకి కారి అక్షరాలు అలుక్కుపోయాయి. చివరకు అంతా సరిగ్గా ఎక్కిందని తెర మీద వచ్చింది.

పెట్టెను కిందికి దింపి, పెద్ద తెర కలిపి, డాంగిల్ గుచ్చేసరికి మూడు దాటి పది నిమిషాలు. దీపం వెలగలేదు.

జలపతి తీసి మళ్ళీ గుచ్చాడు. ఇంకో మూతిలో గుచ్చాడు. పెట్టెను ఆపి మళ్ళీ లేపాడు. ఏమీ లేదు. అప్పుడు గానీ అతనికి తట్టలేదు, యంత్రానికి ఏమేం తగిలించి ఉన్నాయో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది, దాన్ని చూడనేలేదని. అది ఎవరైనా మొట్టమొదట చూసేది. చూశాడు. అందులో కీబోర్డు ఉంది, మౌసు ఉంది, కెమెరా ఉంది. డాంగిల్ లేదు. అంటే భాష సంగతి తర్వాత, అసలు ఆ వస్తువు తగిలినట్టే యంత్రానికి తెలియలేదు. రెండు గంటలు అతను మోటరు విప్పుతూ కూర్చున్నాడు, పోగు చూడలేదు.

“ఇంకోటి తెస్తనన్నా, కోరుట్ల పోయి,” అన్నాడు జీవన్.

“పోయి రావాల్నంటే రెండు గంటలు.”

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. జలపతి డాంగిల్ పీకి, చేతిలో పట్టుకుని, మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. తండ్రి పాదాలు కళ్ళ ముందు కదిలాయి. ఈ ఇంట్లోనూ అదే జరగబోతోంది, ఈసారి తన చేతి మీదుగా జరగబోతోంది. అతనికి ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవడం చేతగాక పళ్ళు బిగబట్టుకున్నాడు.

“కాలేదా కొడుకా?” అంది సమ్మవ్వ.

“కాలేదవ్వా. గిది దెబ్బతిన్నట్టుంది.”

“ఏది, చూడనియ్.”

చూడటమేమిటని ఎవరూ అనలేదు. జలపతి ఆ గోరంత వస్తువును ఆమె అరచేతిలో పెట్టాడు. తునికాకు ఎంత తడి పట్టిందో తాకి చెప్పే వేళ్ళవి. బొటనవేలు దాని వీపు మీద నడిచింది, అంచు మీద నడిచింది, ఇనుప మూతి దగ్గర ఆగింది. గోరు లోపలికి పోనిచ్చి గీకింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“గిండ్ల పసుపున్నది,” అంది.

గడప దగ్గర నిలబడ్డ సరిత ఒక్కసారిగా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, నేనే అత్తమ్మా. కొత్త సామాను అచ్చిందని మంగళారం దీపం పెట్టి అన్నిటికి పసుపు కుంకుమ పెట్టిన. గది చిన్నగున్నదని పసుపుల అద్ది పెట్టిన. ఫోనొచ్చినంక, చావింట్ల గివన్ని ఎందుకని పైన తుడిచిన. లోపట ఉంటదని నాకెట్ల ఎర్కైతది?”

కొత్త బండికి పసుపు రాస్తాం, కుట్టు మిషనుకు రాస్తాం, బాయి మోటరుకు రాస్తాం. వాటికి ఏమీ కాదు. ఈ గోరంత వస్తువుకు నోరు తెరిచి ఉందని, ఆ నోట్లోకి పోయిన తడి పసుపు ఇరవై రోజుల్లో ఎండి రాయిలా బిగుసుకుంటుందని ఏ ఇల్లాలికి తెలుస్తుంది? తెలియాల్సింది జలపతికి. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అతను చేతిలోని దాన్ని వదిలేసి డాబా ఎక్కాడు.

“ఏడ్వకు బిడ్డా,” అంది సమ్మవ్వ కోడలితో. “పసుపు పెట్టుడు తప్పెట్లైతది? నా పుల్ల ఇయ్యి.”

బీడీ మూతి మడిచే సన్నటి ఇనుప పుల్ల చాటలోనే ఉంది. సరిత అందించబోతే, ఆమె చెయ్యి అప్పటికే దాన్ని వెతుక్కుంది. డాంగిల్‌ను ఎడమచేతి రెండు వేళ్ళ నడుమ బీడీలాగే పట్టుకుని, పుల్ల మొనతో మూతి లోపల గీకసాగింది. కళ్ళు ఎటో గోడ వైపు ఉన్నాయి. పచ్చటి పొడి చాటలోని తంబాకు మీద రాలింది. “మెల్లగవ్వా, లోపట ఇత్తడి రేకులుంటయి,” అన్నాడు జలపతి. “ఎర్కే. నాలుగున్నయి. తగుల్తున్నయి,” అంది ఆమె. నోటితో ఊదింది, చీర కొంగు చివరను పురిపెట్టి లోపల తిప్పింది. మళ్ళీ గోరుతో తడిమి చూసుకుంది.

“సూడు ఇగ.”

మూడు ముప్పై ఎనిమిదికి నీలి దీపం వెలిగింది. వైఫైల జాబితాలో జీవన్ ఫోన్ పేరు కనిపించింది. డ్రైవరు మొదటి నుంచీ బాగానే ఉంది.

మంచాన్ని తెర ముందుకు జరిపారు. సమ్మవ్వ ముఖం తెరకు జానెడు దూరంలో ఉంది. నాలుగింటికి ఐదు నిమిషాలుండగా భూమన్న కాల్ కలిసింది. మొదట ఒక తెల్లటి గోడ కనిపించింది, తర్వాత చెక్కపెట్టె అంచు, తర్వాత హన్మంతు ముఖం. జలపతి ముందుకు వంగి దాన్ని తెర నిండా పరిచాడు. నుదురు, మూసుకున్న రెప్పలు, మీసం. హన్మంతు కోరుకున్నట్టే చాటంత.

సమ్మవ్వ ఏడవలేదు. తల కాస్త పక్కకు తిప్పి, చూపు మిగిలిన వైపు నుంచి చూసింది. పైనుంచి కింది దాకా, కింది నుంచి పై దాకా చూసింది. ఆ తర్వాత చెయ్యి చాచి తెర మీద అతని చెవి పక్కన వేలు పెట్టింది.

“నా కొడుకు ఎంటికలు ఎప్పుడు తెల్లగైనయే?” అంది.

సరిత తెల్లబోయింది. “మూడేండ్లాయె అత్తమ్మా. ప్రతి శుక్రారం చూస్తివి గదా.”

“చూడలే. ఒక్కనాడు చూడలే. గా చిన్న ఫోన్ల నాకు మసక తప్ప ఏం కనిపియ్యకపోవు. వానికి రంది ఎందుకని మంచిగున్నవ్ అనేటిదాన్ని. మీసం మంచిగున్నది అనేటిదాన్ని.” ఆమె తెర మీది వేలు వెనక్కి తీసుకుంది. “నా కొడుకును మోసం చేసిన. నేను చూస్తున్న అనుకునే పోయిండు.”

హన్మంతు ఎవరికీ చెప్పొద్దన్నాడు. కానీ ఏ సిగ్గు కోసం ఆ మాట దాచమన్నాడో, ఆ సిగ్గు ఇప్పుడు లేదు. జలపతి మంచం కోడు పట్టుకుని వంగాడు.

“వానికి ఎర్కే అవ్వా. ఒకనాడు ఫోన్ గోడ దిక్కు తిప్పిండట. నువ్ సన్నబడ్డవ్ కొడుకా అన్నవట. గప్పుడే నాకు ఫోన్ చేసిండు. మా అవ్వకు నేను చాటంత కనిపియ్యాలె అన్నడు. గీ తెర వాడే పెట్టుమన్నడు.”

 సమ్మవ్వ తెర వైపు తిరిగి, “దొంగ కొడుకా,” అంది. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి దొరికినవాణ్ణి అన్నట్టే అంది.

“అవ్వా, చెవి కాడ పెడ్తున్న,” అన్నాడు భూమన్న. బొమ్మ కొంచెం ఊగి నిలకడైంది. ఫోన్ ఇప్పుడు చెవికి ఆనుకుని ఉంది, చెంప, రెప్ప అంచు, నెరిసిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి. 

“హన్మంతూ,” అని పిలిచింది.

ఆగింది. తెర మీది రెప్పనే చూసింది.

“హన్మంతూ, కొడుకా.”

ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆగింది. ముప్పై ఏళ్ళ కిందట బడి నుంచి రాని పిల్లాడి కోసం వాకిట్లో నిలబడి చూసినట్టు చూసింది. జలపతి కూడా ఆ రెప్ప వైపే చూస్తున్నాడు. కదలదని తెలిసీ అందరూ చూస్తూనే ఉన్నారు.

మూడోసారి ఆమె గట్టిగా పిలిచింది. ఆ పిలుపు వీధి దాకా వినిపించింది. రెప్ప కదలలేదు.

సమ్మవ్వ వెనక్కి జరిగి, చీర కొంగుతో తెర మీద తన ఊపిరి తగిలి పట్టిన ఆవిరిని తుడిచింది. “చూసిన భూమన్నా. ఇగ మూసెయ్యి కొడుకా,” అంది.

మూడో రోజు తెల్లారేసరికి పెట్టె ఊరికి చేరింది. దాన్ని ఎవరూ తెరవలేదు. వాకిట్లో కాసేపు ఉంచి, పాడె మీదికి ఎక్కించి తీసుకుపోయారు. జలపతి కోరుట్ల నుంచి పొద్దున్నే వచ్చి ఆ మందిలో కలిశాడు. ఊరు దాటిన తర్వాత దింపుడు కల్లం దగ్గర పాడె దింపారు. కులపెద్ద ముందుకు వచ్చి, “జీవన్, కూసో. అన్నను పిలువు,” అన్నాడు.

జీవన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెక్క మీద చెయ్యి పెట్టి తల వంచాడు. ఆ తర్వాత పిలవకుండానే లేచాడు.

“మా అవ్వ పిలిచింది,” అన్నాడు. “మూడుసార్లు పిలిచింది. కండ్లార చూసింది. లేవలే.”

కులపెద్ద పక్కకు జరిగి, పాడె లేపమని చెయ్యి ఊపాడు.  పాడె మళ్ళీ లేపుతుంటే ముందు ఎడమవైపు మనిషి తక్కువయ్యాడు. జలపతి పోయి ఆ కొమ్ము కింద భుజం పెట్టాడు. తండ్రి పాడెకు అందని భుజం అది. మిగతావాళ్ళతో అడుగు కలిపి నడిచాడు.